పత్తర్‌గట్టి రాయి, మన తడిక గోడ

చార్మినార్ చూసి పిల్లలతో పత్తర్‌గట్టిలోకి నడిచాం. 1908 మూసీ వరద తరువాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి కమానుల బజారు అది. "ఇల్లంటే ఇట్లుండాలి. మనవి గుడిసెలే కదా సార్!" అన్నాడొక పిల్లవాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు.

1993 సెప్టెంబరు 30న కిల్లారిలో మట్టితో పేర్చిన రాతి గోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలాయి. వేలమంది పోయారు. భూమి ఊగినప్పుడు గోడ ఎంత బరువైతే దాని మీద అంత తాకిడి. మన వెదురు తడిక తేలిక, వంగుతుంది. మెత్తిన మట్టి రాలినా కప్పును గుంజలు మోస్తాయి. గుంజకు చెద పడితే మాత్రం ఆ బలం ఉండదు, అదీ చెప్పాలి. రేగడి నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. బిగుసుకున్న గోడ పగులుతుంది, తడికకు మళ్లీ మట్టి మెత్తితే చాలు.

1969లో భద్రాచలం దగ్గర, 2024 డిసెంబరు 4న ములుగులో భూమి కదిలింది. రెండూ మన తావులే. అయినా సర్కారు లెక్కలో మన ఇల్లు 'కచ్చా'.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాకే సర్కారుకు మన సంగతి పట్టింది. నిజాం ప్రభుత్వం తరఫున హైమన్‌డార్ఫ్ గోండు గూడేల్లో పరిశోధన చేశాడు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ల శిక్షణ మొదలైంది. మా బడిపంతులు కొలువుకు మూలం అక్కడే. సమాజాన్ని ఒకరు, నేలను ఒకరు, ఇంటిని ఒకరు విడివిడిగా చదివారు. గూడెంలో ఆ మూడూ ఒకే గోడలో ఉన్నాయి.

మరుసటి వారం ఆ పిల్లవాడు తన ఇంటి గుంజలు లెక్కపెట్టుకొచ్చాడు. తొమ్మిది. నడిమి గుంజ ఏ చెట్టుదో తాతను అడగాలట.