అన్నమాట – అన్నవాడు

ఒకరు పలికిన పలుకును మరియొకరికి చేరవేయుట లోకములో నిత్యము జరుగు పని. అయినను అది సులభమైన పని కాదు. మాట చెడకుండనే, అన్నవాడు మారిపోవచ్చును. ఇంగ్లీషు మన కృష్ణా తీరమున అడుగిడిన నాటినుండియు తెలుగువారికి ఈ చిక్కు ఉన్నది.

1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకులు మచిలీబందరున దిగిరి. వారికి కావలసినవి నేత బట్టలు, కలంకారీ అద్దకములు. నేతగానికి ఇంగ్లీషు రాదు, దొరకు తెలుగు రాదు. నడుమ ఒక మనిషి కావలసివచ్చెను. ఇట్టివానినే దుబాసి యనిరి. ద్విభాషి యన్న మాటయే అట్లయినది. దొర యన్నమాటను నేతగానికి, నేతగాడన్నమాటను దొరకు చేర్చుటయే అతని వృత్తి.

ఈ చేరవేత తెలుగున ఎట్లు జరుగునో చూతము. "నేను రేపు బందరు వెళ్లెదను అని రామయ్య చెప్పెను" అందుము. రామయ్య నోట వచ్చిన మాటను కదలింపక, చివర "అని" అను రెండక్షరముల ముద్ర వేసితిమి. సంస్కృతమున "ఇతి" చేయు పనియు ఇదియే. ప్రశ్నయైనను, ఆజ్ఞయైనను, మనసులోని తలపైనను మనకు ఆ "అని" యొక్కటి చాలును.

ఇంగ్లీషున అట్లు కాదు. చెప్పువాడు పరుని మాటను తన కాలములోనికి, తన చోటులోనికి తెచ్చుకొనవలెను. "రామయ్య సెడ్ దట్ హీ వుడ్ గో టు బందర్ ద నెక్స్ట్ డే" అనవలెను. "ఐ" పోయి "హీ" వచ్చెను. "విల్" పోయి "వుడ్" వచ్చెను. "టుమారో" పోయి "ద నెక్స్ట్ డే" వచ్చెను. స్పానిష్ మాతృభాషగా గలవానికి ఈ కాలపు మార్పు అంత కొత్త గాదు. అతని భాషయు ఇంచుమించు అట్లే నడచును. మనకు మాత్రము అది పూర్తిగా కొత్త.

1843లో రాబర్టు నోబుల్ బందరున పాఠశాల నెలకొల్పెను. అది పెరిగి నోబుల్ కళాశాల అయినది. నాటినుండి డెల్టా పిల్లలు తరతరములుగ ఇంగ్లీషు వ్యాకరణము వల్లించిరి. "హీ సెడ్ దట్ ఐ విల్ గో టుమారో" అని వ్రాసి చీవాట్లు తినని తరము లేదనవచ్చును. ఆ వాక్యము విన్న ఇంగ్లీషువాడు, వెళ్లువాడు రామయ్య కాదు, ఈ పిల్లవాడే యనుకొనును. పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు; తెలుగు రీతికి ఇంగ్లీషు బట్టలు తొడిగినాడు, అంతియే.

ఆ బందరుననే మిషనరీగా నుండిన ఆర్డెను తెలుగు నేర్చు దొరలకొరకు 1873లో ఒక వ్యాకరణము వెలువరించెను. దొరల చిక్కు దీనికి ఎదురుదిక్కు. "రామయ్య తాను వెళ్లెదనని చెప్పెను" అన్న మన వాక్యమును చూడుడు. కర్త "తాను" పరుని తెలుపుచున్నది; క్రియ "వెళ్లెదను" మాత్రము "నేను"కు తగినదిగా నిలిచినది. ఇది ఇంగ్లీషు చెప్పు రెండు పద్ధతులలో దేనికిని లొంగదు.

ఇదంతయు బడి పాఠమేకదా యని తోచవచ్చును. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. కాలువ నీరు పారిన పొలములకు విలువ పెరిగినది. విలువతోపాటు వ్యాజ్యములును పెరిగినవి. సాక్షి తెలుగున చెప్పగా న్యాయాధికారి ఇంగ్లీషున వ్రాసికొను పద్ధతి మన కోర్టులలో చాలకాలము సాగినది. "నేను పొలము అమ్మితినని సుబ్బయ్య చెప్పెను" అని సాక్షి పలికెననుకొనుడు. అమ్మినది సుబ్బయ్యయా, సాక్షియా? తెలుగున రెండర్థములును పొసగును. ఇంగ్లీషు కాగితము మీద "హీ" యో "ఐ" యో ఒక్కటే పడవలెను. ఆ ఒక్క అక్షరముతో ఎకరములు చేతులు మారవచ్చును. 1872 నాటి సాక్ష్య చట్టము విన్నదానిని విన్నవాడే చెప్పవలెనని విధించెను. 2024 జూలై 1న దాని స్థానమున కొత్త చట్టము అమలులోనికి వచ్చినను ఆ సూత్రము నిలిచియే యున్నది.

1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైనది. మా వృత్తియు ఒక విధముగ దుబాసి వృత్తియే. అచ్చు కాగితము మీద మాటకు ఇరువైపుల చిహ్నములుండును. ఆకాశమార్గమున అవి కనబడవు. శ్రోతకు వినబడు చిహ్నము "అని" యొక్కటే. అదియు వాక్యము చివరనే వచ్చును. అన్నవాని పేరు ముందే చెప్పనిచో, అంతదాక ఆ మాట మాదే యని శ్రోత భ్రమపడును. అందుచేతనే మేము పేరును ముందుంచి, "అని" యన్న మాటను మ్రింగక పలుకుదుము.

తెలుగున ఇంకొక చిన్న మాటయు కలదు: "అట". "వచ్చినాడట" అన్నచో, వింటిమి గాని చూడలేదని దానంతట అదే చెప్పును. ఇంగ్లీషున దీనికి సరియైన ఒక్క ప్రత్యయము లేదు. మన పెద్దలు ఇంత జాగ్రత్తను భాషలోనే అమర్చి యిచ్చిరి. విన్నదానికి "అట", ఒకరన్నదానికి "అని" చేర్చి పలుకు ఇంటిలో వదంతికి చోటు తక్కువ. ఇంగ్లీషు నేర్చు మన పిల్లలకు "విల్", "వుడ్" చెప్పుటకు ముందు ఒక ప్రశ్న నేర్పినచో తక్కినది సులభమగును: ఈ మాట అన్నదెవరు?