మూడు ముక్కలాటలో ‘బ్లైండు’
కృష్ణా డెల్టాలో సంక్రాంతి కోడిపందేల బరుల పక్కన కనిపించే మూడు ముక్కలాట పోకరుకు దగ్గరి చుట్టం; పేకలోని ఒక్కో కార్డుకు ‘ముక్క’ అన్న తెలుగు మాట స్థిరపడగా, తన ముక్కలను తాను చూడకుండానే పందెం కాయడాన్ని తెలిపే ‘బ్లైండు’ ఇంగ్లీషు నుంచి వచ్చింది. బ్లైండువాడు పది రూపాయలు పెడితే చూసినవాడు కనీసం ఇరవై పెట్టాలి; ఈ నియమం ముక్కలు తెలుసుకున్నందుకు కట్టే వెల. పైగా చూశాక అతడు నిలిచినా, ముక్కలు పడేసినా ఎదుటివారికి అతని బలం కొంత తెలిసిపోతుంది. బ్లైండువాడి ముక్కలు అతనికే తెలియవు కనుక ముఖంలో పసిగట్టడానికి ఏమీ ఉండదు. రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించిన 1967 నాటి సుప్రీంకోర్టు తీర్పు, మూడు ముక్కలాటను పూర్తిగా అదృష్టానికే వదిలింది. గోప్యతకు ఇంత లెక్క ఉన్న ఆట విషయంలో ఆ విభజన కాస్త కఠినమైనదే.