వంత నిలిపిన పాట

సింగరాయకొండ పేరులోని సింగరాయడు నరసింహస్వామే. ఇక్కడి గుడిలో కొలువైంది వరాహ లక్ష్మీనరసింహుడు. సింహాచలంలో ఉన్నదీ ఆయనే, ఉత్తరాంధ్ర వాళ్ళ నోట సింహాద్రి అప్పన్న. మడగాస్కర్‌కి తూర్పున, హిందూ మహాసముద్రం నడుమ ఉన్న మారిషస్ దీవిలో తెలుగువాళ్ళు ఇవాళ్టికీ ఆ అప్పన్నకే పూజ చేస్తారు, అమ్మోరి పండగ జరుపుకుంటారు, రామభజనం కడతారు. ఆ ఇళ్ళలో చాలావాటిల్లో రోజువారీ మాట క్రియోల్. అన్నం పెట్టమని అడిగేదీ, పిల్లల్ని కోప్పడేదీ ఆ భాషలోనే. రామభజనం రాత్రి మాత్రం దీపం చుట్టూ తిరుగుతూ తెలుగులో పాడతారు. మాట పోయిన ఇంట్లో పాట ఎలా మిగిలింది? దాన్ని వింటే మనకి ఒళ్ళు ఎందుకు జలదరిస్తుంది? పుట్టిన ఊరి మీద బెంగే కారణమని చాలామంది అంటారు. నాకు ఆ జవాబు చాలడం లేదు. ఆ పాటని నిలిపింది బెంగకన్నా వంత, అంటే ఒకరు పాడింది మిగతావాళ్ళు తిరిగి అందుకోవడం, అని నా వాదన.

1832-33లో గుంటూరు సీమను డొక్కల కరువు ఊడ్చేసింది. ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనాలు. కోస్తా పొడుగునా అలాంటి కరువులూ, అప్పులూ మనుషుల్ని రేవుల దాకా తరిమాయి. అదే రోజుల్లో బ్రిటిష్ ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసింది. మారిషస్‌లో ఆ చట్టం 1835 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. చెరకు తోటల దొరలకి బానిసల స్థానంలో ఒప్పందం కూలీలు కావలసి వచ్చారు. 1834 నుంచి 1910 దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా భారతీయులు పోర్ట్ లూయీలో దిగారు. వాళ్ళు ఎక్కిన 16 రాతిమెట్లు ఆప్రవాసి ఘాట్‌లో ఇప్పటికీ ఉన్నాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది భోజ్‌పురి వాళ్ళు, తెలుగువాళ్ళు చిన్న పాయ. గోదావరి సముద్రంలో కలిసే చోటి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చారు కనుక వాళ్ళకి కోరంగీలనే పేరు పడింది. ఊరి పేరూ ఇంటిపేరూ వెనకపడి, ఓడెక్కిన రేవు పేరు మనిషికి అతుక్కుంది. ఆ చెరకు తోటల్లో కూలీల ఇళ్ళ వరసలో పక్కపక్కనే పడుకునేవాళ్ళు ఒక ఊరి వాళ్ళు కారు, ఒక కులం వాళ్ళు కారు. ఒకరి పాట ఇంకొకరికి రాదు. అయినా కలిసి పాడాలంటే ఎలా?

దానికి మన పల్లెపాట దగ్గర ముందే ఒక ఏర్పాటు ఉంది. చెక్కభజన చూడండి. చేతిలో జానెడు కొయ్యచెక్కలు, వాటి మధ్య చిన్న ఇత్తడి బిళ్ళలు, కాళ్ళకి గజ్జెలు. గురువు ఒక చరణం అందిస్తాడు. జట్టు అదే చరణాన్ని తిరిగి అందుకుంటుంది. పాట మొత్తం తెలిసినవాడు ఒక్కడుంటే చాలు, మిగతావాళ్ళు విన్నది తిరిగి అనగలిగితే చాలు. నిన్న ఓడ దిగినవాడు కూడా ఈ రాత్రి వలయంలో నిలబడగలడు. బుర్రకథలోనూ ఇదే పద్ధతి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఆ కళని రాష్ట్రమంతా ఊరూరా తిప్పారు. కథకుడికి రెండు పక్కలా ఇద్దరు వంతలు ఉంటారు, వాళ్ళు అందుకోకపోతే కథ అడుగు ముందుకి పడదు. వాళ్ళు పట్టే 'తందాన తాన'కి నిఘంటువులో అర్థం వెతికి లాభం లేదు. నువ్వు పాడావు, నేను విన్నాను, ఉన్నాను అని చెప్పడమే దాని పని. మనమేమో 'తానా అంటే తందానా' అనే నుడికారాన్ని తలాడించేవాణ్ణి తిట్టడానికి వాడుతున్నాం. 'వంత పాడటం' కూడా నింద అయిపోయింది. పాటలో సగం బరువు మోసిన మాటకి ఈ గతి పట్టడం నాకు బాధగా ఉంటుంది.

బెంగ లేదని ఎవరూ అనలేరు. సముద్రం దాటినవాళ్ళకి ఏడవడానికి కారణాలకి కొదవలేదు. కానీ బెంగే పాటని మోసిందనుకుంటే, అది మొదటి తరంతోనో, మహా అయితే రెండో తరంతోనో తీరిపోవాలి. కోరంగిని ఎన్నడూ చూడని ఐదో తరం దేనికి బెంగపడుతుంది? పైగా అక్కడ ముఖ్యంగా నిలిచినవి దేవుడి పాటలు, మొక్కుబడి పాటలు, అంటే నలుగురూ కూడితేగాని జరగని తంతుల పాటలు. ఒంటరిగా పాడుకుని ఏడ్చే పాటకి ఆ ఒంటరివాడితోనే ఆయుష్షు చెల్లుతుంది. అర్థం తెలియకుండా పాడే పాటలో ప్రాణమేముంటుందని ఇంకొక ప్రశ్న. ఇది గట్టి ప్రశ్నే. భాష తెలిసినవాడికి అందే సొగసు తెలియనివాడికి అందదు, అది నష్టమే. అయితే వంతలో అర్థం తర్వాత వస్తుంది, చోటు ముందు వస్తుంది. ఉయ్యాలలో బిడ్డకి జోలపాట ఏ మాటలు తెలిసి పట్టింది?

సంఘాలూ, ప్రభుత్వమూ నిలబెట్టినదాన్ని పాట గొప్పగా చెప్పడమేమిటని కూడా అడగవచ్చు. మారిషస్ ఆంధ్ర మహాసభ పనిని తక్కువ చేయడం అన్యాయం. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు బోధిస్తున్నారు, ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయి. కానీ ఆంధ్ర మహాసభ పుట్టింది 1940ల్లో. అప్పటికి తెలుగువాళ్ళు అక్కడ అడుగుపెట్టి నూరేళ్ళు దాటింది. ఆ నూరేళ్ళూ పాటని దాటించింది వలయంలో నిలబడ్డ జనమే. ఈ సంగతి మన ఒక్కళ్ళదే కాదు. ఆ దీవిలోనే ఆఫ్రికా బానిసల సంతతి సెగా పాడతారు. దాని వాద్యం రావాన్, వెడల్పాటి కొయ్యచట్రానికి బిగించిన మేకతోలు. వాయించేముందు దాన్ని మంట దగ్గర పట్టి కాస్తారు, మన దప్పుని గడ్డిమంట మీద కాచినట్టే. తోలు వేడెక్కి బిగిసేదాకా పాట మొదలవదు, ఆ కాసేపట్లో మంట చుట్టూ జనం మూగుతారు. అక్కడా ఒకరు పాట ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు. సెగాని యునెస్కో 2014లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది, భోజ్‌పురి పెళ్ళిపాటలైన గీత్ గవాయ్‌ని 2016లో. చాగోస్ దీవుల జనాన్ని 1968-73 మధ్య అమెరికా సైనిక స్థావరం కోసం బ్రిటన్ ఖాళీ చేయించింది. నేల పూర్తిగా పోయిన ఆ జనం తమ సెగాని మాత్రం వెంట తెచ్చుకున్నారు, 2019లో అది కూడా అత్యవసరంగా కాపాడుకోవలసిన వాటి జాబితాకెక్కింది. అత్యవసరం ఎందుకంటే చుట్టూ నిలబడి అందుకునేవాళ్ళు తగ్గిపోతున్నారు.

వంత మన ఊళ్ళలోనూ ఉంది కదా, దీవి ప్రత్యేకత ఏమిటి? అక్కడ పక్కదారి లేదు. పాడకపోతే ఆ రాత్రికి ఆ ఇంట్లో తెలుగు అనేది ఉండదు. ఇక్కడ మనం పాడకపోయినా తెలుగు సినిమాలోనో, టీవీలోనో, బస్సులోనో మోగుతూనే ఉంటుంది, కాబట్టి మన గొంతు తప్పుకున్నా తెలియదు. మిరపకోతకీ, పత్తితీతకీ వెళ్ళే ముఠాల్లో ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాట ఉండేది. ఇప్పుడు సాలు చివర ఒక ఫోను మోగుతుంది. గుడి మైకులో వేకువనే భజన పాటలు వస్తాయి. మంచి పాటలే, గొంతులూ శ్రావ్యంగానే ఉంటాయి. రికార్డులో గాయకుడు చరణం అందించిన మరుక్షణం వంత కూడా వినిపిస్తుంది, ఎప్పుడో ఏదో స్టూడియోలో పాడేసిన వంత. మారిషస్‌లో దీపం చుట్టూ ఒకాయన చరణం ముగించి ఊపిరి తీసుకునే జాగాలో, తెలుగు రాని కుర్రాడొకడు నోరు తెరవాల్సిందే.