వీడియో గేములు, ఆడపిల్లలు: ఒక రూపకర్త విమర్శ

పెళ్ళి బట్టలకూ, బంగారానికీ సరిహద్దు గ్రామాల కుటుంబాలు చెన్నైలోని టి. నగర్‌కు వెళ్ళడం ఏనాటి నుంచో ఉన్న ఆనవాయితీ. పిట్టి త్యాగరాయ చెట్టి పేరిట వెలసిన త్యాగరాయ నగరే ఈ టి. నగర్. పానగల్ పార్కు పరిసరాల్లో కొనుగోళ్ళు ముగించుకొని, పిల్లలకు ఆటవస్తువులు కొనే వేళకు చాలా ఇళ్ళలో తీర్పు ముందే జరిగిపోయి ఉంటుంది: అబ్బాయికి వీడియో గేము, అమ్మాయికి బొమ్మ. ఆడపిల్లలకు అటువంటి ఆటలు రుచించవన్న నమ్మకమే ఇందుకు కారణం. ఆటల తయారీ రంగంలోనే పనిచేసిన ఒక మహిళ ఈ నమ్మకాన్ని ప్రశ్నించారు.

ఎవరీ రూపకర్త?

ఆమె అమెరికాకు చెందిన గేమ్ డిజైనర్ షెరి గ్రేనర్ రే. ఆరిజిన్ సిస్టమ్స్ సంస్థలో 'అల్టిమా' ఆటల వరుసపై పనిచేశారు. అనంతరం బాలికల కోసం ఆటలు రూపొందించిన హర్ ఇంటరాక్టివ్ సంస్థలో బాధ్యతలు నిర్వహించారు. ఆమె విమర్శను సమగ్రంగా వివరించే 'జెండర్ ఇన్‌క్లూసివ్ గేమ్ డిజైన్' అనే గ్రంథం 2003లో వెలువడింది.

విమర్శలోని ముఖ్యాంశాలు

లోపం ఆడపిల్లల్లో లేదు, ఆటల రూపకల్పనలోనే ఉన్నదని రే వాదన. ఆమె చూపిన లోపాలు ఇవి.

1. స్త్రీ పాత్రల శరీరాలను అతిగా చిత్రించడం. లేదా రక్షింపబడవలసిన అబలగా మాత్రమే చూపడం.

2. మీటలు నొక్కుతూ నేర్చుకొనే వారిని మాత్రమే దృష్టిలో ఉంచుకోవడం. ఆట తీరును ముందుగా చూసి, తెలుసుకొని, ఆపై మొదలుపెట్టడం చాలామంది స్త్రీలకు ఇష్టం.

3. చిన్న తప్పుకే ఆటగాడిని 'చంపి' మొదటికి పంపడం.

4. ప్రతి తగవుకూ పోరాటమే పరిష్కారం కావడం. సంప్రదింపులకూ, రాజీకీ చోటు లేకపోవడం.

గులాబీ రంగు పరిష్కారమా?

స్త్రీలు ఈ రంగానికి కొత్తవారు కారు. రాబర్టా విలియమ్స్ 1980లో 'మిస్టరీ హౌస్', కరోల్ షా 1982లో 'రివర్ రెయిడ్' రూపొందించారు. 1996లో వచ్చిన 'బార్బీ ఫ్యాషన్ డిజైనర్' విశేషంగా అమ్ముడుపోవడంతో, బాలికల ఆట అంటే అలంకరణే అన్న భావన బలపడింది. అదే ఏడాది బ్రెండా లారెల్ ఎందరో పిల్లలతో మాట్లాడి, స్నేహాలు ఇతివృత్తంగా ఆటలు చేయడానికి పర్పుల్ మూన్ సంస్థను నెలకొల్పారు. అది 1999లో మూతపడింది. స్త్రీలందరికీ ఒకే మూస ఆట సరిపోదనీ, పురుషుల మాదిరే వారి అభిరుచులూ పలురకాలనీ రే వాదించారు.

మన ఇళ్ళలోని సాక్ష్యం

ఈ వాదనకు నిదర్శనం కోసం అమెరికా వరకూ వెళ్ళనవసరం లేదు. తమిళులు పల్లాంగుళి అని పిలిచే వామనగుంటలు తరతరాలుగా స్త్రీల ఆట. పద్నాలుగు గుంటలు, గుప్పెడు చింతగింజలు, బోలెడంత లెక్క. మనుమరాలు అవ్వ పక్కన కూర్చుని చాలాసేపు చూసి, ఆ తరువాతే గింజలు చేతిలోకి తీసుకొంటుంది. చూసి నేర్చుకోవడం గురించి రే చెప్పినదీ ఇదే. స్త్రీలకు ఆటలంటే గిట్టదనడం మన అరుగులే ఒప్పుకోవు.

నేటి స్థితి

చేతి ఫోను వచ్చాక ఆడేవారిలో స్త్రీల సంఖ్య ఎంతో పెరిగింది. భారతీయ రూపకర్త పూర్ణిమా సీతారామన్‌కు 2020లో 'విమెన్ ఇన్ గేమ్స్' హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది. ఈ గౌరవం పొందిన తొలి భారతీయురాలు ఆమే. అయినా ఇంట్లో ఒకే ఫోను ఉన్నచోట అది ముందుగా కుమారుని చేతికే వెళ్ళడం కద్దు. చాలామంది పిల్లలకు కంప్యూటరుతో తొలి పరిచయం ఆట ద్వారానే కలుగుతుంది. ఆ పరిచయం దక్కని బాలిక తరగతి గదిలో ఒక అడుగు వెనుక నిలుస్తుంది.

కాబట్టి ఆటకు వేళ నియమించడం ఎంత అవసరమో, ఆ వేళను కొడుకుకూ కూతురుకూ సమానంగా పంచడమూ అంతే అవసరం. ఈసారి టి. నగర్ అంగడిలో నిలిచినప్పుడు, ఏ ఆట కావాలో ముందుగా అమ్మాయినే అడగడం మంచి ఆరంభం కాగలదు.