మోట నుండి మోటారునకు

మంజీరపై 1931లో నిజాంసాగరు పూర్తియైనను, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో కాలువ యెక్కని మెట్టపొలములకు బావియే దిక్కు. ఎడ్లు మోట లాగిననే మడి తడిసెడిది. ఆ యెడ్ల మెడలనుండి కాడి దించినది విద్యుత్ మోటారు. దానిని ఈ దేశమున తొలుత తయారుచేసినవారిలో ఒకరు తెలుగు కుటుంబీకులని రైతులలో పలువురెరుగరు.

గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు 1893లో కోయంబత్తూరు చెంత కలంగల్ గ్రామమున జన్మించిరి. బడిచదువు వారికి రుచింపలేదు. ఒక ఆంగ్లేయాధికారి మోటారు సైకిలును చూచి మనసుపడి, హోటలులో సర్వరుగా పనిచేసి పైకము కూడబెట్టి కొనిరి. కొన్నదానిని ఊడదీసి, మరల బిగించి, దాని మర్మము గ్రహించిరి. ఏకలవ్యునకు మట్టిబొమ్మవలె వారికి ఆ బండియే గురువు!

1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్ మోటారు నిర్మించిరి. దేశమున తయారైన మొదటి మోటారు అదియేయని ప్రసిద్ధి. రాగితీగ చుట్టలలో కరెంటు పారగా అవి అయస్కాంతములగును. ఆ బలమే ఇరుసును త్రిప్పును. విద్యుత్తుతో నడచు క్షౌరపుకత్తిని గూడ వారు రూపొందించిరి గాని, రైతు కంటికి మోటారే మిన్న.

బడి విడిచిన ఆ నాయుడుగారే 1945లో కోయంబత్తూరున సాంకేతిక కళాశాలకు తొలి ప్రధానాచార్యులైరి. నాలుగేండ్ల చదువు కాలహరణమనియు, రెండేండ్లు చాలుననియు వాదించి, ప్రభుత్వము సమ్మతింపకపోగా ఆ పదవిని విడిచిరి. 1974లో దివంగతులైరి.