వయ్యారిభామ: ఒక కలుపుమొక్క కథ

రోడ్ల పక్కన, ఖాళీ ప్లాట్లలో, ఆఫీసుల ముందు పచ్చికలో, పశువులు మేసే బీళ్లలో తెల్లటి చిన్నపూలతో విరగబూసే మొక్కను మనందరం చూసే ఉంటాం. తెలుగులో దాని పేరు వయ్యారిభామ. శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టరోఫోరస్. దీని చరిత్ర రాద్దామని కూర్చుంటే మొదట ఆ పేరు దగ్గరే ఆగిపోయాను. ముట్టుకుంటే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం, పశువు తింటే పాలు చేదు, పక్కన ఇంకో మొక్కను బతకనివ్వదు. ఇన్ని చెడ్డగుణాలున్న దానికి ఆడదాని పేరు పెట్టడం మన భాషకి ఎంత తేలిక! గరికకి, తుంగకి, పల్లేరుకి ఇలాంటి పేర్లు లేవు. అవి ఊరి కలుపు, పాత కలుపు. బయటినుంచి వచ్చి, నాజూగ్గా ఊగుతూ, అడగకుండా చోటు ఆక్రమించింది మాత్రం భామ అయింది. హిందీలోనూ గాజర్ ఘాస్ అన్న పేరుతో పాటు చటక్ చాందినీ అనే పేరుంది. కాంగ్రెస్ గడ్డి అన్నది రాజకీయం పేరు. తెల్లపూలు కాంగ్రెసు టోపీల్లా ఉంటాయని కొందరు, అమెరికా కాంగ్రెసు పంపిన గోధుమలతో వచ్చిందని కొందరు చెప్తారు.

లాటిను పేరు ఇంతకన్నా నయమేమీ కాదు. 1753లో ఈ పేరు పెట్టినవాడు లిన్నేయస్. మొక్కల్లో కేసరాలను భర్తలనీ, అండకోశాలను భార్యలనీ వర్ణించిన శాస్త్రవేత్త. గ్రీకులో పార్థెనోస్ అంటే కన్య. హిస్టెరా అంటే గర్భాశయం. కన్య, గర్భాన్ని మోసేది! ఈ మొక్క పూగుత్తిలో అంచున ఉండే అయిదు పూలే ఆడవి, గింజ కట్టేది అవే. మధ్యలోవి పుప్పొడిని మాత్రమే ఇస్తాయి. ఒక్కో గుత్తికి అయిదు గింజలే కదా అనుకుంటాం గానీ, బాగా ఎదిగిన ఒక్క మొక్క పదిహేను వేల నుంచి పాతిక వేల గింజలు రాల్చగలదు. కన్యా, తల్లీ, వయ్యారీ ఒక్క కాండం మీదే. స్త్రీ గురించి పురుషుడికి ఉన్న భయాలన్నీ ఒక్కచోట మొలిచినట్టు లేదూ?

ఇది మన దేశానికి ఎలా వచ్చిందన్నది అందరూ ఒకే మాటగా చెప్పే కథ. పి.ఎల్. 480 గోధుమలతో వచ్చిందని. మెక్సికో, కరీబియన్ ప్రాంతాల మొక్క కాబట్టి నమ్మబుద్ధవుతుంది. కానీ తేదీలు చూడండి. వృక్షశాస్త్రవేత్త ఆర్.ఎస్. రావు పూనాలో దీన్ని చూసింది 1955లో, ప్రకటించింది 1956లో. అమెరికాలో పి.ఎల్. 480 చట్టం 1954లోనే వచ్చినా భారత ప్రభుత్వంతో మొదటి ఒప్పందం జరిగింది 1956 ఆగస్టులో. అంటే ఒప్పందం కన్నా మొక్కే ముందొచ్చింది. 1951లో అమెరికా అప్పుమీద ఇచ్చిన గోధుమలతో వచ్చి ఉండొచ్చు. పందొమ్మిదో శతాబ్దపు ఎండు నమూనా ఒకటి డెహ్రాడూన్ హెర్బేరియంలో ఉందని తర్వాత తేలింది కాబట్టి అంతకన్నా ముందే వచ్చి, ఎక్కడో ఒదిగి ఉండి, 1950ల తర్వాత విజృంభించి ఉండొచ్చు. ఆకలి రోజుల్లో చెయ్యిచాచి తెచ్చుకున్న తిండితో పాటు ఈ పీడా వచ్చిందన్న కథలో దేశానికి ఒక అవమానం ఉంది. అందుకే ఆ కథ అంత గట్టిగా నిలబడిందని నా అనుమానం.

పంటచేలో కలుపు గురించి మాట్లాడేవాళ్లు చాలామంది. బంచరాయి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఈ మొక్క మొదట గెలిచింది అక్కడే. పశువులు మామూలుగా దాన్ని ముట్టవు. అవి చుట్టూ ఉన్న గడ్డిని కొరుక్కు తింటుంటే దానికి చోటు ఖాళీ అవుతూ ఉంటుంది. దాని వేళ్లనుంచీ, ఆకులనుంచీ దిగే రసాయనాలు పక్క గింజల్ని మొలకెత్తనివ్వవు. పచ్చికబీడులో మేత తొంభై శాతం దాకా తగ్గిపోగలదని శాస్త్రవేత్తలు నమోదు చేశారు. మేత తగ్గితే ఎవరు ఎక్కువ దూరం నడవాలి? గడ్డిమోపు కోసం గట్లవెంట తిరిగేది ఎవరు? వేరే మేత లేక గేదె ఆ ఆకు తిని పాలు చేదైతే, పాలకేంద్రం దగ్గర నిలబడి మాట పడేది ఎవరు? మేతభూముల గురించిన లెక్కల్లో ఈ నడక దూరం ఒక గడిగా ఎక్కడా నాకు కనపడలేదు. తగిరంచ దట్టంగా మొలిచినచోట వయ్యారిభామ తగ్గుతుందని ఇప్పుడు శాస్త్రవేత్తలు సిఫార్సు చేస్తున్నారు. ఆ తగిరంచ లేతాకును కూర వండుకునే ఆడవాళ్లకి దాన్ని పెరగనివ్వమని వేరే చెప్పాలా?

ఇక చర్మం సంగతి. 1970ల్లో పూనా వైద్యులు దీనివల్ల వచ్చే చర్మవ్యాధి గురించి రాశారు. పార్థెనిన్ అనే పదార్థం గాలిలో తేలే ఎండు నలుసుల ద్వారా కూడా మనిషిని చేరుతుంది. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు మందంగా నల్లబడి పగుళ్లు బారతాయి. ఒకసారి పడకపోవడం మొదలైతే ఏళ్ల తరబడి వదలదు. ఆస్పత్రుల నివేదికల్లో రోగులు ఎక్కువమంది మగవాళ్లే, చాలా ఎక్కువమంది. మగవాళ్లు ఆరుబయట ఎక్కువగా తిరుగుతారు కాబట్టి అని ఒక వివరణ. ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. పొద్దున ఎనిమిదింటికి వంగి సాయంత్రం దాకా కలుపు తీసేవాళ్లు ఆరుబయట కాక ఇంకెక్కడున్నారు? ఆస్పత్రి రిజిస్టరు లెక్కపెట్టేది ఆస్పత్రి దాకా వచ్చినవాళ్లనే. పాలమూరు పక్క మా చిన్నమ్మకి అయిదేళ్లు చేతులు పగిలి నీళ్లు కారాయి. కొబ్బరినూనె, పసుపు, పాతచీర పీలికలతో గడిపింది. ఏ రిజిస్టరులోనూ ఆమె లేదు. 'గడ్డి పని చేసెటోళ్ల చేతులు గిట్లనే ఉంటయి బిడ్డా' అనేది.

నేను ఇరవైయేళ్లు పనిచేసిన ఆఫీసుకి ముందు పెద్ద పచ్చిక ఉండేది. దాన్ని చూసుకునే కాంట్రాక్టరు కింద ఆరుగురు ఆడవాళ్లు. తుంగగడ్డలు తవ్వితియ్యడం, గరిక తప్ప మొలిచిన ప్రతిదాన్నీ కుర్పితో పెళ్లగించడం వాళ్ల పని. వాళ్లెవరూ వయ్యారిభామ అనేవాళ్లు కాదు. గబ్బుచెట్టు అనేవాళ్లు. ఆ మాటలో వెటకారం లేదు, ముక్కుకు తెలిసిన సంగతే ఉంది. వాన కురిసి నేల మెత్తబడ్డాక, పూత రాకముందే వేరుతో పీకాలని ఇప్పుడు కరపత్రాల్లో వేసే విషయం వాళ్లు ఎప్పుడో చెప్పారు. పూశాక పీకితే గింజను మనమే చల్లినట్టు అనేవాళ్లు. ఆఫీసువాళ్లకి మాత్రం తెల్లగా పూసేదాకా అది కనపడదు.

కలుపు తీత ఆడపని కాబట్టి కూలి తక్కువ. పురుషులతో సమాన వేతనం ఇవ్వాలన్న చట్టం 1976లోనే వచ్చింది గానీ, కలుపు పనిలో పోల్చుకోవడానికి పక్కన మగవాడే ఉండడు కదా! మందు వచ్చినప్పుడు మగవాడు వస్తాడు, వీపున స్ప్రేయరుతో. 2,4-డి రెండో ప్రపంచయుద్ధం ముగుస్తూనే అమెరికా పచ్చికల్లోకి వచ్చింది. గ్లైఫోసేట్ 1974లో మార్కెట్లోకి వచ్చింది. 2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు దాని అమ్మకం మీద ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబరులో కేంద్రం శిక్షణ పొందిన ఆపరేటర్లే చల్లాలంది. మందు కొడితే ఆడకూలీల నడుములు దక్కుతాయన్న వాదన నేను కొట్టిపారెయ్యను. రోజంతా వంగి ఉండడంలో గొప్పేమీ లేదు. కానీ నడుము దక్కినవాళ్లకి ఆ రోజు కూలి దక్కదు. ఈ రెండో సగాన్ని మందుల ప్రకటనలు చెప్పవు.

చట్టం కూడా ప్రయత్నించింది. 1975లో కర్ణాటక దీన్ని హానికర కలుపుగా ప్రకటించింది. 1984లో మెక్సికో నుంచి తెచ్చిన జైగోగ్రామా పెంకుపురుగుల్ని బెంగుళూరులో వదిలారు. అవి పొద్దుతిరుగుడు ఆకులు తింటున్నాయని 1990ల మొదట్లో పెద్ద గొడవ జరిగింది, విచారణ జరిగింది, పురుగు నిలిచింది. వానాకాలంలో అది ఆకుల్ని జల్లెడ చేస్తుంది. ఎండలు ముదిరితే నేలలోకి దిగి నిద్రపోతుంది. మొక్క నిద్రపోదు.

ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ నిర్మూలన వారం. ఒక ఏడు మా ఆఫీసులో కూడా బ్యానరు కట్టారు. ఆ వారం ఖర్చుల అంచనాలో మందు ఉంది, స్ప్రేయరు ఉంది, ఫొటోగ్రాఫరు ఉన్నాడు. పీకేవాళ్లకి చేతితొడుగులు లేవు. ఆరు జతలు కావాలని నేను నోటు పెట్టాను. నాలుగు వారాలకి రెండు జతలు మంజూరయ్యాయి. స్ప్రేయరు పట్టుకునే అతనికి, అతని సహాయకుడికి.