సిఫార్సు లేఖ వెనుక కులం: పోస్ట్‌డాక్ తలుపు చరిత్ర



దుబాయ్ వీసాకు ఏ కాగితాలు కావాలో, ఏ ఏజెంటును నమ్మొచ్చో మా మెట్‌పల్లిలో ఏ వాడలో అడిగినా చెప్తారు. పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్‌కు ఎట్లా పోవాలో చెప్పే ఇల్లు మాత్రం మన వాడల్లో దొరకదు. మన పిల్లలకు తెలివి లేక కాదు, ఆ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లు లేక. ఎందుకు లేరో చెప్పేదే ఈ చరిత్ర.

పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీకీ ప్రొఫెసర్ ఉద్యోగానికీ మధ్య ఉండే రెండు మూడేళ్ల పరిశోధన కొలువు. ఫిజిక్స్‌లో థియరిటికల్ కండెన్స్‌డ్ మ్యాటర్ అనే శాఖ ఉంది. పదార్థంలో కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు కలిసి ఎట్లా మెలుగుతాయి, ఇనుము ఎందుకు అయస్కాంతమవుతుంది, కొన్ని లోహాల్లో కరెంటు నిరోధం లేకుండా ఎందుకు పారుతుంది అన్నవి దాని ప్రశ్నలు. దీనికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. కాగితం, కలం, కంప్యూటర్ చాలు. పేదింటి పిల్లలకు ఇంతకంటే అనువైన సైన్స్ ఏముంటుంది అనిపిస్తుంది. కానీ పోస్ట్‌డాక్ ఎంపికలో మీ పేపర్లతో పాటు ముగ్గురు ప్రొఫెసర్ల సిఫార్సు లేఖలు చూస్తారు. మీరెవరో తెలియని చోట "ఎవరి శిష్యుడు?" అన్న ప్రశ్నే ముందొస్తుంది.

ఈ గురుశిష్య దారి పాతదే. 1928లో నిజాం కాలేజీ చదువు ముగించిన సూరి భగవంతం కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో స్ఫటికాల మీద గణితం ప్రయోగించారు, ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు, బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్ అయ్యారు. ఆయన ప్రతిభను తక్కువ చేయడం లేదు. అవే ఏళ్లలో, అదే హైదరాబాద్‌లో, భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లలకు ఓనమాలు నేర్పే బడులు నడుపుతున్నారు. ఒకరు రామన్ దగ్గరికి రైలెక్కేనాటికి మనవాళ్లు పలక కోసం కొట్లాడుతున్నారు. నేటి సిఫార్సు లేఖల్లో ఉన్నది ఆ దూరమే.

స్వాతంత్ర్యం తర్వాత చట్టం ఈ దూరం తగ్గించాలి కదా? 1992 నవంబర్ 16 నాటి ఇంద్ర సాహ్నీ తీర్పులో సుప్రీంకోర్టు కొన్ని పోస్టులకు రిజర్వేషన్ తగకపోవచ్చంది. అణుశక్తి, అంతరిక్షం సహా పరిశోధన సంస్థల్లోని సాంకేతిక పోస్టులు వాటిలో ఉన్నాయి. తర్వాత కేంద్ర విద్యాసంస్థల్లో ప్రవేశాలకు 2006 రిజర్వేషన్ చట్టం వచ్చింది. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27. అదే చట్టంలో నాలుగో సెక్షన్ చదవండి. షెడ్యూల్‌లో పేర్లున్న "శ్రేష్ఠ" సంస్థలకు ఇది వర్తించదు. పోస్ట్‌డాక్ స్థాయి సహా అత్యున్నత కోర్సులను కూడా కేంద్రం మినహాయించవచ్చు. షెడ్యూల్‌లో ఎవరున్నారు? ముంబై టీఐఎఫ్ఆర్, చెన్నై మ్యాథమెటికల్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్, అలహాబాద్ హరీశ్‌చంద్ర, భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్, కోల్‌కతా సాహా, బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్. ఈ దేశంలో కండెన్స్‌డ్ మ్యాటర్ థియరీకి పేరున్న చోట్లలో చాలావరకు ఇవే! 2019లో అధ్యాపక పోస్టుల రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడూ మినహాయింపుల షెడ్యూల్ మళ్లీ పెట్టారు.

రిజర్వేషన్ ఉన్న చోట మాత్రం? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో పీహెచ్‌డీ చేయడానికి తమిళనాడు సేలం నుంచి వచ్చిన దళిత విద్యార్థి సెంథిల్ కుమార్ 2008 ఫిబ్రవరిలో ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి అతనికి గైడ్ లేడు. ప్రొఫెసర్ వినోద్ పావరాల కమిటీ విచారించి, గైడ్ల కేటాయింపులో స్పష్టమైన పద్ధతి లేదని ఎత్తిచూపింది. గైడే దొరకనివాడికి లేఖ ఎవరు రాస్తారు? ఎనిమిదేళ్ల తర్వాత, 2016 జనవరి 17న, అదే క్యాంపస్‌లో రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. కార్ల్ సాగన్‌లా సైన్స్ రాయాలని కలగన్నవాడు.

1951లో లాహోర్ తిరిగొచ్చిన అబ్దుస్ సలాం, మాట్లాడుకునే తోటి శాస్త్రవేత్త లేక 1954లో మళ్లీ ఇంగ్లండ్ వెళ్లిపోయారు. ఆ ఒంటరితనం పేద దేశాలవారికి ఉండొద్దని 1964లో ఇటలీలోని ట్రియెస్టేలో ఐసీటీపీ పెట్టారు. అక్కడ కండెన్స్‌డ్ మ్యాటర్ పోస్ట్‌డాక్‌లు ఇప్పటికీ ఉన్నాయి. దేశాల దూరానికి సలాం మందు కనిపెట్టారు. ఒకే క్యాంపస్‌లో కులం పెట్టే ఒంటరితనానికి మందు మనమే వెతకాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పీహెచ్‌డీలో చేరిన ఏడాదే మీ గైడ్ కాక ఇంకో ఇద్దరు మీ పని ఎరిగేలా చూసుకోండి. సమ్మర్ స్కూళ్లకు వెళ్లండి, వేరే సంస్థల్లో సెమినార్ ఇస్తామని అడగండి. ఆర్కైవ్‌లో పేపర్లు ఉచితం. చదివి రచయితలకు ప్రశ్నలు రాయండి. విదేశీ గ్రూపులు చాలావరకు మరుసటి ఏడాది కోసం సెప్టెంబర్–డిసెంబర్ మధ్యే దరఖాస్తులు తీసుకుంటాయి. థీసిస్ ఇచ్చాక చూద్దామంటే ఏడాది పోతుంది. దేశంలో నేషనల్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు 35 ఏళ్ల వయోపరిమితి పెట్టి ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు ఇచ్చారు. సడలింపు తలుపు దాకా రావడానికి టైమ్ ఇస్తుంది, తలుపు తీయదు.

ఉద్యమ మిత్రులకు ఒక పని. 2005 నుంచి ఆర్టీఐ మన చేతిలో ఉంది. ప్రతి సంస్థనూ అడుగుదాం: పోస్ట్‌డాక్‌కు ఏ వర్గం నుంచి ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరిని తీసుకున్నారు, గైడ్ల కేటాయింపు నియమాలు రాతలో ఉన్నాయా? లెక్క లేని చోట "మెరిట్" అన్న మాటను పరీక్షించే వీలు లేదు.

వచ్చే భాగంలో 1954లో మొదలైన నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కథ. జై భీమ్.